డెమోలో చూపించని సంగతులు: కో-వర్కింగ్ ఆఫీసుకి డోర్ యాక్సెస్ సిస్టమ్ ఎంచుకోవడం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పలువురు కలిసి వాడుకునే ఆఫీసుకి డోర్ యాక్సెస్ సిస్టమ్ ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. మీలో చాలామంది ఈపాటికే ఒకరిద్దరు వెండర్లను పిలిచి డెమో చూసే ఉంటారు. ఒక బోర్డుకి రీడరూ లాకూ బిగించి తెస్తారు. కార్డు చూపిస్తే పచ్చలైటు వెలిగి టక్కున తెరుచుకుంటుంది. ఫోన్ చూపించినా తెరుచుకుంటుంది, వేలు పెట్టినా తెరుచుకుంటుంది. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తేలికైన పని ఆ తెరుచుకోవడమే. ఎంత నాసిరకం సిస్టమైనా ఆ మాత్రం చేస్తుంది.

మీరు అడిగి చూడాల్సినవి వేరే ఉన్నాయి. మెంబర్ మానేసిన రోజు తలుపు ఏం చేస్తుంది? కరెంటు పోతే ఏం చేస్తుంది? మంటలు లేస్తే? ఇంటర్నెట్ పడిపోతే? దీన్ని బిగించిన మనిషి ఫోన్ ఎత్తడం మానేస్తే? నేను చెప్పబోయేదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఎలా పనిచేస్తుందో చూసి కొనకండి. ఏదో ఒకటి చెడినప్పుడు ఎలా ఉంటుందో చూసి కొనండి.

ముందుగా ఒక మాట. వెండర్లు మనకి చూపించే సిస్టమ్‌లలో ఎక్కువ భాగం ఒకే కంపెనీ ఉండే ఆఫీసుల కోసం తయారైనవి. అక్కడ ఉద్యోగులు ఏళ్ల తరబడి వాళ్లే ఉంటారు, ఒకరి ముఖం ఒకరికి తెలుసు, మానేసినవాళ్ల సంగతి హెచ్‌ఆర్ చూసుకుంటుంది. మన దగ్గర అలా కాదు. నెలనెలా మనుషులు మారతారు. ఒక్కరోజు పాస్ మీద వచ్చేవాళ్లు ఉంటారు. నాలుగు సీట్లు తీసుకున్న టీమ్ నుంచి ఐదో మనిషి వస్తాడు. కొత్త ముఖం కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే రోజూ కొత్త ముఖాలే. కాబట్టి మన సిస్టమ్‌కి అసలు పని మనుషుల్ని చేర్చడం, అంతకన్నా ముఖ్యంగా తీసేయడం.

అందుకని డెమోలో తలుపు తెరిచాక వెంటనే ఇలా అడగండి: "ఇప్పుడు ఈ కార్డుని తీసేయండి, నేను చూస్తాను." ఎన్ని స్క్రీన్లు దాటాలో చూడండి. తీసేసిన వెంటనే అదే కార్డు మళ్లీ పెట్టి చూడండి. కొన్నిటిలో ఆ క్షణంలోనే ఆగిపోతుంది. కొన్నిటిలో కంట్రోలర్, అంటే తలుపు తెరవాలా వద్దా అని నిర్ణయించే పెట్టె, తర్వాతిసారి సింక్ అయ్యేదాకా తెరుచుకుంటూనే ఉంటుంది. విడివిడిగా పనిచేసే చిన్న మెషీన్లయితే ప్రతి తలుపు దగ్గరికీ వెళ్లి, మాస్టర్ కార్డు పెట్టి, పోయిన కార్డు నంబరు కొట్టి తీసేయాలి. ఆ నంబరు ఎవరూ రాసిపెట్టుకుని ఉండరు. ఒకే తలుపు, పదిమంది మనుషులైతే ఎలాగో నెట్టుకొస్తారు. మూడు తలుపులు, 80 మంది అయ్యారంటే ఆ పని చేయడం మానేస్తారు. మానేశారని ఒప్పుకోరు, అంతే తేడా.

నంబర్ కోడ్ పెట్టుకునే కీప్యాడ్‌ల గతీ ఇదే. అందరికీ ఒకటే కోడ్ అయితే, ఒకరు మానేసినప్పుడల్లా మిగిలిన అందరికీ కొత్త కోడ్ చెప్పాలి. ఎవరూ చెప్పరు. ఏడాది తిరిగేసరికి ఆ కోడ్ పాత మెంబర్లకీ, వాళ్ల స్నేహితులకీ, సామాను తెచ్చే కుర్రాళ్లకీ కూడా తెలిసిపోతుంది. పైగా బటన్ల మీద నాలుగు అంకెలు మాత్రమే అరిగి మెరుస్తుంటాయి. అరిగిన అంకెలు నాలుగూ తెలిస్తే, వాటిని అమర్చే పద్ధతులు 24 మాత్రమే. ఒక్కొక్కరికీ వేరే కోడ్ ఇచ్చే సదుపాయం ఉంటే కీప్యాడ్ పనికొస్తుంది, ముఖ్యంగా ఒక్కరోజు వచ్చేవాళ్లకి. ఆ సదుపాయం లేనిదాన్ని మెయిన్ డోర్‌కి పెట్టకండి.

తీసేయడం గురించి ఇంకో సంగతి. మెంబర్‌షిప్ సాఫ్ట్‌వేర్‌నీ యాక్సెస్ సిస్టమ్‌నీ కలిపేస్తే, డబ్బు కట్టనివాళ్ల కార్డు దానంతట అదే ఆగిపోతుంది. వినడానికి హాయిగా ఉంటుంది. నేనూ కలపమనే చెబుతాను. కానీ ఎప్పుడు ఆగుతుందో మీరే పెట్టుకోండి. రాత్రి 11 గంటలకి ఒక మెంబర్ పని చేసుకుంటూ ఉంటాడు. అర్ధరాత్రి దాటగానే బ్యాంకు వాళ్ల తప్పిదం వల్ల పేమెంట్ ఫెయిలవుతుంది. ఆయన కారిడార్‌లో ఉన్న బాత్‌రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి కార్డు పనిచేయదు. ల్యాప్‌టాప్, బండి తాళాలు, ఫోన్ అన్నీ లోపల. మనిషి బయట. మీ ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. రెండు మూడు రోజుల గడువు ఇచ్చి, ఆపేది ఏదైనా పగటిపూట, ఆఫీసులో మనిషి ఉండే టైములో ఆపేలా పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌లో అలా పెట్టే వీలుందో లేదో ముందే అడగండి. చాలావాటిలో ఉండదు.

ఇక కార్డుల దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మనవాళ్లు బాగా మోసపోయేది ఇక్కడే.

ఎక్కువ ఆఫీసుల్లో కనిపించే మందపాటి తెల్ల కార్డు, లేదా తాళాలగుత్తికి తగిలించుకునే చిన్న బిళ్ల, 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే రకం. దానికి బ్యాటరీ ఉండదు. రీడర్ నుంచి వచ్చే తరంగాలతోనే శక్తి పుంజుకుని తన నంబరు పంపుతుంది. అడిగింది మీ రీడరా, లిఫ్టులో పక్కన నిలబడ్డవాడి చేతిలోని చిన్న పరికరమా అని అది చూడదు. ఎవరు అడిగినా అదే నంబరు, ప్రతిసారీ అదే నంబరు. దాన్ని కాపీ చేసే పరికరాలు బహిరంగంగానే అమ్ముతున్నారు, ఖాళీ కార్డు మీద రాయడానికి కొన్ని క్షణాలు చాలు.

ఆ నంబర్‌లో కూడా పెద్ద గుట్టేమీ లేదు. బాగా వాడుకలో ఉన్న 26 బిట్ల (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒకటి) పద్ధతిలో 8 బిట్లు ఆఫీసు కోడ్, 16 బిట్లు కార్డు నంబరు, మిగిలిన రెండూ తప్పు పట్టుకోవడానికి. అంటే ఆఫీసు కోడ్‌లు 256, ఒక్కో కోడ్ కింద కార్డులు 65,536. ఎవరికి ఏ నంబర్లు వెళ్లాయో చూసే పెద్దదిక్కు ఎవరూ లేరు కనుక ఒకే నంబరు కార్డులు రెండు చోట్ల ఉండొచ్చు. పైగా కార్డుల పెట్టె వరసగా వస్తుంది. మీ కార్డు వెనక ముద్రించిన నంబరు తెలిస్తే, మీకు ముందు చేరినవాడిదీ తర్వాత చేరినవాడిదీ ఊహించడం కష్టం కాదు.

"సార్, మాది ఆ పాతరకం కాదు, 13.56 మెగాహెర్ట్జ్ స్మార్ట్ కార్డు" అంటాడు వెండర్. మంచిదే. ఏ రకం అని అడగండి. అందులో మైఫేర్ క్లాసిక్ అనే కార్డు 1994లో వచ్చింది, ప్రపంచమంతా వాడారు. దాని లోపలి తాళం, అంటే రహస్య సంఖ్య (కీ), 48 బిట్లు. క్రిప్టో-1 అనే దాని రహస్య పద్ధతిని 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో ఇద్దరు పరిశోధకులు విప్పి చూపించారు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు పూర్తి వివరాలు ప్రచురించబోతే, తయారీ సంస్థ ఎన్ఎక్స్‌పీ ఆపమని కోర్టుకి వెళ్లింది. కోర్టు ఆపలేదు. ఇదంతా 2008 నాటి మాట. అదే రకం కార్డుని ఇప్పటికీ కొత్త సిస్టమ్ అని చెప్పి అమ్ముతున్నారు. 2024 మార్చిలో సాఫ్‌లాక్ అనే హోటల్ తాళాల లోపం బయటపడింది. 131 దేశాల్లో 30 లక్షలకు పైగా తలుపులు. వాటిలో వాడే కార్డుల్లో ఇదే మైఫేర్ క్లాసిక్ ఉంది.

దానికి బదులు డెస్‌ఫైర్ ఈవీ2, ఈవీ3 లాంటివి అడగండి. 128 బిట్ల ఏఈఎస్ వాడతాయి, అంటే సమాచారాన్ని రహస్య కీతో గుప్తంగా మార్చే (ఎన్‌క్రిప్షన్) గట్టి పద్ధతి. కార్డూ రీడరూ ఒకదాన్నొకటి నిర్ధారించుకుంటాయి కనుక వాటిని కాపీ చేయడం మామూలు పని కాదు. అంతా బాగుంది అనుకుంటారు. ఇక్కడే అసలు మెలిక ఉంది.

ప్రతి కార్డుకీ ఒక సీరియల్ నంబరు ఉంటుంది. అది ఏ రహస్యమూ లేకుండా ఎవరికైనా వినిపిస్తుంది. చాలామంది ఇన్‌స్టాలర్లు ఖరీదైన డెస్‌ఫైర్ కార్డు ఇచ్చి, రీడర్‌ని మాత్రం ఆ సీరియల్ నంబరు ఒక్కటే చదివేలా వదిలేస్తారు. తాళం వేసిన ఫైలు కార్డు లోపల ఖాళీగా పడి ఉంటుంది. అంటే కొన్నది కొత్త కార్డు, పొందింది పాత 125 కిలోహెర్ట్జ్ భద్రత. ఇలా ఎందుకు చేస్తారంటే అలా చేస్తే పని సులువు, ఏ కార్డు తెచ్చినా పనిచేస్తుంది, ఫిర్యాదులు రావు. దీన్ని పట్టుకోవడానికి మీకు టెక్నికల్ పరిజ్ఞానం అక్కర్లేదు. మీ జేబులో ఉన్న బస్సు కార్డో, రైలు కార్డో, సంబంధం లేని ఇంకే కార్డో తీసి వెండర్‌కి ఇచ్చి, "దీన్ని కూడా నా పేరు మీద ఎక్కించండి" అనండి. నవ్వుతూ ఎక్కించేసి తలుపు తెరిచి చూపించాడా, అయిపోయింది, ఆ రీడర్ చదువుతున్నది సీరియల్ నంబరే. ఈ పరీక్షలో పడిపోయిన సిస్టమ్‌లు చాలానే చూశాను. వెండర్ మాత్రం దాన్ని గొప్పగా చూపిస్తాడు, చూశారా ఎంత సౌకర్యమో అని.

కార్డు గట్టిదైతే ఇంకో ప్రశ్న వస్తుంది. ఆ ఏఈఎస్ కీ ఎవరి దగ్గర ఉంటుంది? కొందరు తమ కస్టమర్లందరికీ ఒకటే కీ వాడతారు. కొందరు మీకే ప్రత్యేకంగా కీ పెడతారు కానీ మీకు ఇవ్వరు. ఆ వెండర్‌తో తెగిన రోజున కార్డులన్నీ మళ్లీ కొనాల్సి వస్తుంది. మా కీ మాకు కావాలి, రాతపూర్వకంగా కావాలి అని ఆర్డర్ ఇవ్వకముందే చెప్పండి. ఆర్డర్ ఇచ్చాక అడిగితే మాట దాటేస్తారు.

కార్డు నుంచి రీడర్‌కి వచ్చింది సరే, రీడర్ నుంచి కంట్రోలర్ దాకా వెళ్లే వైరు సంగతి ఎవరూ అడగరు. మామూలుగా అక్కడ వీగాండ్ అనే పద్ధతి ఉంటుంది, దశాబ్దాల నాటిది. రెండు డేటా వైర్లు. ఒకదాని మీద సున్నాలు, రెండోదాని మీద ఒకట్లు. ఏ ఎన్‌క్రిప్షనూ లేదు. సమాచారం రీడర్ నుంచి లోపలికే వెళ్తుంది, లోపలి నుంచి రీడర్ ఎలా ఉందో తెలుసుకునే దారి లేదు. రీడరేమో గుమ్మం బయట, ఒకటో రెండో స్క్రూల మీద ఉంటుంది. దాన్ని ఊడదీసి వెనక వైర్లకి ఒక చిన్న చిప్ తగిలించి మళ్లీ బిగిస్తే, ఆ రోజు నుంచి వచ్చిన ప్రతి కార్డు నంబరూ అందులో పడుతుంది. కార్డు ఎంత గట్టిదైనా సరే. ఇప్పుడు దీనికి బదులు ఓఎస్‌డీపీ అనే ప్రమాణం ఉంది. ఆర్‌ఎస్-485 వైరింగ్ మీద నడుస్తుంది, రెండువైపులా మాట్లాడుతుంది, రీడర్‌ని ఊడదీస్తే కంట్రోలర్‌కి తెలుస్తుంది. 2020లో అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం కూడా అయింది. అందులో సెక్యూర్ చానెల్ అని, ఆ మాటల్ని ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు ఉంటుంది, దాన్ని విడిగా ఆన్ చేయాలి. ఓఎస్‌డీపీ రీడర్ పెట్టి సెక్యూర్ చానెల్ ఆన్ చేయకుండా వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. ఆన్ చేశారా అని అడగండి, చూపించమనండి.

దీనికన్నా ఘోరం ఒకటుంది. రీడరూ, కంట్రోలరూ, లాక్‌ని తెరిచే రిలే (కరెంటు స్విచ్) అన్నీ ఒకే డబ్బాలో ఉండి, ఆ డబ్బా గుమ్మం బయట గోడకి బిగించి ఉంటుంది. మూత తీసి రెండు వైర్లు కలిపితే తలుపు తెరుచుకుంటుంది. ఏ కార్డుతో, ఏ ఎన్‌క్రిప్షన్‌తో పని లేదు. నిర్ణయం తీసుకునే పెట్టె ఎప్పుడూ లోపలివైపే ఉండాలి. ఇందులో రాజీ పడొద్దు.

ఇప్పుడు లాకులు. ఇది ప్రాణాలకి సంబంధించిన సంగతి కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

అద్దం తలుపులున్న చోట ఎక్కువగా మ్యాగ్నెటిక్ లాక్ పెడతారు. పైన ఫ్రేమ్‌కి విద్యుదయస్కాంతం, తలుపుకి ఇనుప పలక. పెద్ద రకాల పట్టు 1,200 పౌండ్లు, అంటే 540 కిలోల పైమాటే. కరెంటు ఉన్నంతసేపే పట్టు ఉంటుంది, కరెంటు పోతే తలుపు తెరిచే ఉంటుంది. మంటలప్పుడు ఇది మంచి గుణం. కానీ కరెంటు ఉంటే? పొగ నిండిపోయిన గదిలో మనిషి తలుపుని తోస్తాడు. తోస్తే రాదు. మామూలు గడియ అయితే హ్యాండిల్ తిప్పితే వస్తుంది. మ్యాగ్నెట్‌కి తిప్పడానికి ఏమీ లేదు. 540 కిలోల పట్టుని ఎవరూ భుజంతో తోసి విడిపించలేరు.

అందుకే మ్యాగ్నెటిక్ లాక్ పెట్టిన తలుపుకి లోపలివైపు ఎగ్జిట్ బటన్ ఉంటుంది. ఆ బటన్ ఎలా కలిపారో అడగండి. రెండు పద్ధతులు. ఒకటి, బటన్ నొక్కితే కంట్రోలర్‌కి కబురు వెళ్లి, కంట్రోలర్ రిలేని వదిలితే లాక్ విడిపోవడం. కంట్రోలర్ హ్యాంగ్ అయిందంటే బటన్ నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టడమే. రెండోది, బటనే లాక్ కరెంటుని నేరుగా తెంచేయడం. మధ్యలో ఏ సాఫ్ట్‌వేరూ ఉండదు. రెండో పద్ధతిలో కరెంటు తెంచే ఎమర్జెన్సీ స్విచ్ ఒకటి తలుపు పక్కన తప్పకుండా ఉండాలి. చాలాచోట్ల పచ్చరంగు డబ్బాగా, అద్దం నొక్కేలా ఉంటుంది. దాంతోపాటు ఫైర్ అలారం ప్యానెల్ మోగగానే లాక్ పవర్ ఆగిపోయేలా వైరింగ్ ఉండాలి. ఇది కూడా యాప్ ద్వారానో క్లౌడ్ ద్వారానో కాదు, వైరు ద్వారా. మీ ప్రాంతంలో నిబంధనలు ఏం చెబుతున్నాయో ఫైర్ శాఖ వాళ్లని మీరే అడగండి. వెండర్ "అన్నీ ఉన్నాయి సార్" అన్న మాట మీద వదిలేయకండి.

వీలున్న ప్రతి తలుపుకీ నా ఓటు ఎలక్ట్రిక్ స్ట్రైక్‌కే. మామూలు గడియ, లోపల మామూలు హ్యాండిల్. ఫ్రేమ్‌లో గడియ పడే చోట కరెంటుతో పనిచేసే భాగం ఉంటుంది, బయటినుంచి కార్డు పెడితే అది వదులుతుంది. కరెంటు పోతే బయటినుంచి మూసుకుని ఉండే రకం ఎంచుకోవచ్చు. లోపలున్నవాళ్లు మాత్రం కరెంటున్నా లేకున్నా హ్యాండిల్ తిప్పి వెళ్లిపోతారు. మనుషులు బయటపడటానికి ఏ ఎలక్ట్రానిక్స్ అనుమతీ అక్కర్లేదు. ఫ్రేమ్ లేని అద్దం తలుపుకి ఇది కుదరదు, అదొక్కటే చిక్కు. అద్దం తలుపు అందం కోసం ఎంచుకునేవాళ్లు దానితోపాటు ఈ తలనొప్పినీ ఎంచుకుంటున్నారని గమనించాలి.

మ్యాగ్నెటిక్ లాకే పెట్టాల్సి వస్తే ఒక చిన్న సంగతి. తలుపుకి బిగించే ఇనుప పలక కావాలనే కొంచెం వదులుగా, రబ్బరు వాషర్ మీద కదిలేలా పెడతారు. అప్పుడే అది మ్యాగ్నెట్ ముఖానికి సమంగా అతుక్కుంటుంది. కొన్నాళ్లకి ఎవరో ఒకరు, సాధారణంగా మంచి మనసున్న మెయింటెనెన్స్ మనిషి, "ఇది ఊగుతోందేంటి" అని స్క్రూ గట్టిగా బిగించేస్తారు. పలక ఒక మూల పైకి లేస్తుంది, మధ్యలో సన్నటి ఖాళీ ఏర్పడుతుంది, పట్టు బాగా పడిపోతుంది. బయటికి పచ్చలైటు, ఎర్రలైటు అన్నీ మామూలుగానే వెలుగుతాయి. తలుపు మాత్రం గట్టిగా లాగితే వచ్చేస్తుంది. నెలకోసారి కార్డు లేకుండా గట్టిగా లాగి చూడండి.

బయటికి వెళ్లేవాళ్లు బటన్ నొక్కనక్కర్లేకుండా, దగ్గరికి రాగానే లాక్ వదిలే మోషన్ సెన్సర్ కొందరు పెడతారు. రెండు అద్దం తలుపుల మధ్య సందులోంచి బయటివాడు ఒక కాగితం దూర్చి ఊపితేనో, గాలి డబ్బాతో కొడితేనో కూడా అది లాక్ వదిలేయొచ్చు. ఆ సందు మూయించి, సెన్సర్ ఎటు చూస్తోందో సరిచేయించండి.

డోర్ క్లోజర్ గురించి ఎవరూ మాట్లాడరు. తలుపు పైన ఉండే ఆ చేయి. దానిమీద రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి తలుపు ఎంత వేగంగా రావాలో, ఇంకోటి చివరి కొన్ని అంగుళాల్లో ఎంత ఊపుతో పడాలో. ఆ రెండోది సరిగ్గా లేకపోతే, ఏసీ గాలి ఒత్తిడికి తలుపు గడియ పడకుండా వేలెడు దూరంలో ఆగిపోతుంది. కార్డు, కంట్రోలర్, క్లౌడ్ అన్నీ సరిగ్గా ఉన్నా తలుపు తెరిచే ఉన్నట్టు. అందుకే తలుపు నిజంగా మూసుకుందో లేదో చెప్పే డోర్ సెన్సర్ ఉండాలి. ఎక్కువసేపు తెరిచి ఉంటే అక్కడికక్కడ బీప్ కొట్టాలి. మీ ఫోన్‌కి నోటిఫికేషన్ పంపితే సరిపోదు, మూడో రోజుకి మీరే దాన్ని మ్యూట్ చేస్తారు.

కరెంటు సంగతి. పవర్ సప్లైలో 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ పెట్టడం మామూలు. పెద్ద మ్యాగ్నెటిక్ లాక్ ఒక్కటే అర ఆంపియర్ దాకా తీసుకుంటుంది. కాగితం మీద 14 గంటలు. కంట్రోలర్, రీడర్లు కలిస్తే, బ్యాటరీ పాతబడితే, అందులో సగం వస్తే గొప్ప. అది అయిపోయాక మ్యాగ్నెట్ వదిలేస్తుంది, రాత్రంతా తలుపు బార్లా. కాబట్టి మెయిన్ డోర్‌కి మ్యాగ్నెట్ తప్ప ఇంకే తాళమూ లేని ఏర్పాటు వద్దు. ఇంకోటి, కంట్రోలర్‌కి బ్యాటరీ ఉంటుంది కానీ నెట్‌వర్క్ స్విచ్‌కి ఉండదు. కరెంటు పోగానే నెట్ పోతుంది, కంట్రోలర్ ఒంటరిదవుతుంది.

ఒంటరిదైనప్పుడు అది ఏం చేస్తుందన్నదే క్లౌడ్ సిస్టమ్‌ల అసలు పరీక్ష. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సర్వీసులు దాదాపు 6 గంటలు పడిపోయినప్పుడు, సొంత ఉద్యోగుల బ్యాడ్జీలు కూడా పనిచేయక కొందరు ఆఫీసుల బయటే నిలబడాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. తలుపు నిర్ణయం దూరంగా ఎక్కడో ఉన్న సర్వర్ చేతిలో ఉంటే అంతే మరి. మంచి కంట్రోలర్ మెంబర్ల జాబితా మొత్తం తన దగ్గరే పెట్టుకుంటుంది, నెట్ లేకపోయినా తలుపు తెరుస్తుంది, నెట్ వచ్చాక లాగ్ (ఎవరు ఎప్పుడు వచ్చారనే చిట్టా) పంపుతుంది. డెమోలో నెట్‌వర్క్ కేబుల్ మీ చేత్తో పీకేయండి. మొహమాటపడకండి. అప్పుడు కార్డు పెట్టి చూడండి. తర్వాత యాప్‌లో ఆ కార్డు తీసేసి, కేబుల్ మళ్లీ పెట్టి, ఎంతసేపటికి ఆగిపోతుందో చూడండి. నెలవారీ చందా కట్టడం మానేస్తే ఏమాగుతుందో కూడా అడగండి. కొత్తవాళ్లని చేర్చలేకపోవడం వేరు, తలుపే తెరుచుకోకపోవడం వేరు.

వేలిముద్రల గురించి ఎక్కువ చెప్పను, వద్దంటాను. 2019 ఆగస్టులో బయోస్టార్ 2 అనే సిస్టమ్ సమాచారం రక్షణ లేకుండా ఆన్‌లైన్‌లో ఉండిపోయిందని పరిశోధకులు బయటపెట్టారు. అందులో 10 లక్షల మందికి పైగా వేలిముద్రలు ఉన్నాయని వాళ్ల లెక్క. కార్డు పోతే కొత్తది ఇస్తాం, వేలు మార్చలేం. పైగా మన దగ్గరికి వచ్చేవాళ్లు కస్టమర్లు. రెండు నెలలు కూర్చుని వెళ్లేవాడి వేలిముద్ర దాచే బాధ్యత మనకెందుకు?

ఫోన్‌తో తెరవడం మంచి పద్ధతే. కార్డు స్నేహితుడికి ఇచ్చి పంపినంత తేలిగ్గా ఫోన్ ఎవరూ ఇవ్వరు. తీసేయడం కూడా సులువు. కానీ ఛార్జింగ్ అయిపోయే వస్తువు కనుక కార్డు కూడా ఉంచండి.

లాగ్‌ల విషయంలో ముందే ఒక నిర్ణయం తీసుకోండి. ఏదో ఒక రోజు ఒక టీమ్ లీడర్ వచ్చి, "మావాడు నిన్న ఎన్నింటికి వచ్చాడో కొంచెం చూసి చెప్తారా" అని అడుగుతాడు. చూడటానికి చిన్న సాయం. ఒకసారి చెప్పారంటే మీరు వాళ్ల అటెండెన్స్ రిజిస్టర్ అయిపోయారు. దొంగతనం లాంటి గొడవలకి తప్ప తెరవం అని మెంబర్‌షిప్ నిబంధనల్లోనే రాయండి. ఎన్నాళ్లకి లాగ్ చెరిపేస్తారో రాయండి. చెరిపేయడం ఆటోమేటిక్‌గా జరిగేలా పెట్టండి. ఎలాగూ ఆ లాగ్ పూర్తి నిజం చెప్పదు. ఒకరు కార్డు పెడతారు, వెనక ముగ్గురు వస్తారు, ముందున్నాయన మర్యాదకి తలుపు పట్టుకుంటాడు. ఏ రీడరూ దీన్ని ఆపలేదు.

అప్పగింత రోజున వైరింగ్ బొమ్మ, అడ్మిన్ పాస్‌వర్డ్, కార్డుల కీ, మెంబర్ల జాబితా ఫైలుగా దించుకునే దారి, ఇవన్నీ చేతికి వచ్చాకే చివరి బిల్లు కట్టండి. ఇన్‌స్టాలర్ లాగిన్ ఒకటి లోపలే ఉండిపోతుంది, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో సహా. అది కూడా మార్చించండి.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండమ్మా.

బిల్డింగ్ మెయిన్ గేటు ఓనర్ సిస్టమ్, మా ఫ్లోర్ మా సిస్టమ్, మెంబర్లకి రెండు కార్డులు ఇవ్వాలా అని అడుగుతున్నారు. 125 కిలోహెర్ట్జ్ చిప్, 13.56 మెగాహెర్ట్జ్ చిప్ రెండూ ఒకే కార్డులో ఉండే రకం దొరుకుతుంది. గేటు ఒకదాన్ని చదువుతుంది, మీ తలుపు రెండోదాన్ని. దాంతో జేబు బరువు తగ్గుతుంది కానీ అసలు సమస్య తీరదు. మీరు తీసేసిన మనిషి గేటు జాబితాలో అలాగే ఉంటాడు. ఓనర్‌తో కూర్చుని, ఎవరు ఎన్ని రోజుల్లో తీసేయాలో కాగితం మీద రాసుకోండి. గేటు దాటినవాడు మీ తలుపు దాకా వస్తాడు కనుక, మీ తలుపుని మాత్రం గేటే లేదనుకుని ఎంచుకోండి.

ఇంకొకరు? ఆ, వెనక ఉన్నాయన. మేము పదిమందిమే, ఒకటే తలుపు, ఇంత అవసరమా అంటున్నారు.

అక్కర్లేదు. ఒక ఎలక్ట్రిక్ స్ట్రైక్, లోపల హ్యాండిల్, తలుపు లోపలివైపు కంట్రోలర్, ఏఈఎస్ కార్డులు చదివే రీడర్, మంచి డోర్ క్లోజర్. క్లౌడ్ లేకపోయినా ఫర్వాలేదు, కార్డు ఎవరిదో ఒక ఫైల్‌లో రాసుకుంటే చాలు. మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునే లాక్ తీసుకోండి, కంట్రోలర్ చచ్చిపోయిన రోజు అదే దిక్కు. ఆ తాళంచెవిని ఆఫీసు డ్రాయర్‌లో పెట్టకండి. దగ్గర్లో ఉండే ఇద్దరి దగ్గర చెరొకటి ఉంచండి, ఆ ఇద్దరూ ఒకేసారి ఊరెళ్లకుండా చూసుకోండి.